తక్కువ ఇంజెక్షన్ల ఐవీఎఫ్: ఏ వయసుకి ఎంత ఫలితం?

1978లో రెండు నెలల పైచిలుకు తేడాతో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో లూయీస్ బ్రౌన్, అక్టోబరు 3న కలకత్తాలో దుర్గ. ఇద్దరూ ల్యాబ్‌లో రూపుదిద్దుకున్న పిండం నుంచి వచ్చినవాళ్లే. కానీ దారులు వేరు. లూయీస్ తల్లికి అండాలు పెంచే మందు ఒక్కటీ ఇవ్వలేదు. ఆ నెల ఆమె శరీరం తయారు చేసుకున్న ఒకే ఒక్క అండాన్ని తీశారు. కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఎక్కువ అండాలు తెప్పించారు. పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత గర్భసంచి కుదుటపడిన నెలలో పెట్టారు. ఆయన మాట అప్పట్లో ప్రభుత్వ కమిటీ నమ్మలేదు, 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. కానీ ఇప్పుడు ఏ ఐవీఎఫ్ సెంటర్‌కి వెళ్లినా జరిగేది చాలావరకు ఆయన పద్ధతే.

ఓల్డమ్‌లో పాట్రిక్ స్టెప్టో, రాబర్ట్ ఎడ్వర్డ్స్, జీన్ పర్డీ కూడా మందుల జోలికి పోనివాళ్లేం కాదు. మొదట్లో మందులిచ్చే చూశారు, గర్భం నిలవలేదు. విసిగిపోయి సహజంగా వచ్చే అండం వెంట పడ్డారు. అండం విడుదలకి సంకేతమైన ఎల్‌హెచ్ హార్మోన్ ఎప్పుడు పెరుగుతుందో మూత్ర పరీక్షలతో కనిపెట్టడం, పెరిగిన వేళను బట్టి అర్ధరాత్రయినా ఆపరేషన్ థియేటర్ తెరవడం. ఇలా ఏ ఆస్పత్రి నడుస్తుంది? 1981లో అమెరికాలోని నార్ఫోక్‌లో హోవర్డ్ జోన్స్, జార్జియానా జోన్స్ దంపతులు ఇంజెక్షన్లతో అండాలు పెంచి తమ దేశపు మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీని పుట్టించాక ప్రపంచమంతా అటే తిరిగింది. మందు ఉంటే వేళ డాక్టర్ చేతిలో ఉంటుంది, అండాలూ ఎక్కువ వస్తాయి.

ఎక్కువ అండాలు ఎందుకంటే దారి పొడవునా నష్టమే కాబట్టి. తీసిన అండాలన్నీ పక్వమైనవి కావు. పక్వమైనవన్నీ ఫలదీకరణ చెందవు. చెందినవన్నీ అయిదో రోజు దాకా బతకవు. బతికినవన్నీ గర్భసంచికి అంటుకోవు. ఒక్క అండంతో మొదలుపెడితే ఇందులో ఏ మెట్టు మీద జారినా ఆ నెల అక్కడితో సరి.

మామూలు ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లకి ఆ పది పన్నెండు రోజులు బాగా గుర్తుంటాయి. నెలసరి రెండో రోజు స్కానింగ్, ఆ సాయంత్రం నుంచి పొట్ట మీద ఇంజెక్షన్లు, రోజుకి 225 యూనిట్లో 300 యూనిట్లో. రెండు మూడు రోజులకోసారి మళ్లీ స్కానింగ్. డాక్టర్ తెర మీద నల్లటి గుండ్రాలను కొలుస్తూ “రైట్ పద్నాలుగు, పన్నెండు, పదకొండు... లెఫ్ట్ పదమూడు, పది” అని చెబుతుంటే సిస్టర్ కాగితం మీద రాసుకుంటుంది. బల్ల మీద పడుకున్న మనిషి ఆ అంకెలు మనసులో కూడుకుంటుంది. ఆ నల్లటి గుండ్రాలే ఫాలికల్స్, అంకెలు మిల్లీమీటర్లు. పెద్దవి 18 దాకా వచ్చాక అండాలను పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్, ఆ తర్వాత దాదాపు 36 గంటలకి ఎగ్ పికప్. మత్తిచ్చి, సన్నటి సూదితో ఒక్కో ఫాలికల్‌లోని ద్రవాన్ని లాగుతారు. ట్యూబు పక్కనే ఉన్న ల్యాబ్‌కి చేరుతుంది. ఎంబ్రియాలజిస్టు ఆ ద్రవాన్ని గాజు పళ్లెంలో పోసి మైక్రోస్కోప్ కింద వెతుకుతారు. చుట్టూ మబ్బులాంటి కణాల గుంపు, మధ్యలో అండం. అది మిల్లీమీటరులో పదో వంతు. దొరికితే గట్టిగా చెబుతారు, థియేటర్‌లో లెక్క ఒకటి పెరుగుతుంది.

ఇక్కడే ఇళ్లలో ఒక భయం వినిపిస్తుంది: “ఇన్ని ఇంజెక్షన్లు పొడిస్తే ఉన్న అండాలన్నీ అయిపోవూ?” అయిపోవు. ప్రతి నెలా అండాశయంలో ఒక గుంపు ఫాలికల్స్ పైకి వస్తాయి. పిట్యూటరీ గ్రంథి ఇచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ కొద్ది రోజులు పెరిగి తగ్గిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో ఒక ఫాలికల్ ముందుకెళ్లి నిలుస్తుంది, మిగతావి ఎండిపోతాయి. ఇంజెక్షన్ చేసేది ఆ వ్యవధిని పొడిగించడమే. ఎలాగూ పోయేవాటినే కాపాడుతుంది, వచ్చే ఏడాది కోటాలోంచి తీసుకోదు. ఆడపిల్ల పుట్టేటప్పుడు పది నుంచి ఇరవై లక్షల అండాలుంటాయి, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, జీవితమంతా కలిపి విడుదలయ్యేవి నాలుగైదు వందలు. తక్కినవన్నీ మందుతో పని లేకుండానే తరిగిపోతాయి.

ఇక తక్కువ మందుతో చేసే ఐవీఎఫ్ పద్ధతులను 2007లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి వర్గాలుగా విడదీసింది. మందే లేనిది సహజ సైకిల్. అండం ముందే విడుదలైపోకుండా ఆపే ఇంజెక్షన్, దానికి తోడుగా కొద్దిపాటి హార్మోన్ ఇచ్చేది సవరించిన సహజ సైకిల్. మాత్రలతోనో, రోజుకి 150 యూనిట్లు మించని ఇంజెక్షన్లతోనో రెండు నుంచి ఏడు అండాలు తెప్పించేది మైల్డ్ ఐవీఎఫ్. మాత్రలంటే సాధారణంగా క్లోమిఫీన్ లేదా లెట్రోజోల్. క్లోమిఫీన్ మెదడుకి ఈస్ట్రోజన్ కనపడకుండా చేస్తుంది, ఈస్ట్రోజన్ తక్కువైందనుకుని పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్‌ని మరికాస్త వదులుతుంది. మన క్లినిక్‌లు పెట్టుకునే ‘మినీ ఐవీఎఫ్’, ‘సాఫ్ట్ ఐవీఎఫ్’ పేర్లకి మాత్రం కచ్చితమైన హద్దులేం లేవు. పేరు చూసి కాదు, రోజుకి ఎన్ని యూనిట్లు, ఎన్ని అండాలు అనుకుంటున్నారు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

అడిగేవాళ్లు కూడా ముందు “సక్సెస్ రేటు ఎంత?” అనే అంటారు. ఈ ప్రశ్నకి నిజమైన జవాబులు నాలుగైదు ఉన్నాయి, అన్నీ వేర్వేరు అంకెలు. గర్భసంచిలో పెట్టిన పిండాల్లో ఎన్ని నిలిచాయన్నది ఒకటి. మొదలుపెట్టిన సైకిళ్లలో ఎన్ని బిడ్డ దాకా వెళ్లాయన్నది మరొకటి. గర్భం చెప్పే రక్త పరీక్షలో బీటా పాజిటివ్ వచ్చినవాళ్లందరినీ లెక్కించేది ఇంకొకటి. మన ఎంసెట్ కోచింగ్ కాలేజీలు ర్యాంకర్ల ఫొటోలు వేసినట్టే ఇదీను, అడ్మిషన్ తీసుకుని మధ్యలో మానేసినవాళ్లు ఆ హోర్డింగ్ మీద ఉండరు. తక్కువ మందు పద్ధతిలో ఈ మాయ ఇంకా ఎక్కువ. గర్భసంచిలో పెట్టే ట్రాన్స్‌ఫర్ దాకా వచ్చిన పిండాలనే లెక్కేస్తే అంకె బాగానే కనిపిస్తుంది. అండం ముందే విడుదలైపోయి రద్దయిన సైకిళ్లు, ఫలదీకరణ కాని ఏకైక అండాలు ఆ లెక్కలోకి రావు. నెదర్లాండ్స్‌లో 336 మంది స్త్రీలు సవరించిన సహజ సైకిళ్లు 844 చేయించుకుంటే, మొదలుపెట్టిన ఒక్కో సైకిల్‌కి గర్భం నిలిచింది 8.3 శాతం. మూడు సైకిళ్లదాకా వెళ్తే మొత్తం 20.8 శాతం. అయిదుగురిలో ఒకరు. తక్కువే, కానీ ఇది దాచిపెట్టని అంకె.

ఏ పద్ధతైనా వయసు గీసిన గీత దాటదు. బ్రిటన్‌లో 2019 లెక్కల ప్రకారం గర్భసంచిలో పెట్టిన ఒక్కో పిండానికి బిడ్డ పుట్టిన శాతం 35 లోపు వాళ్లలో 32. 35–37 మధ్య 25, 38–39కి 19, 40–42కి 11, 43–44కి 5. ఇందులో మందు ఎక్కువ వాడినవాళ్లూ తక్కువ వాడినవాళ్లూ అందరూ ఉన్నారు. ఈ దిగుడికి కారణం గర్భసంచి కాదు, అండం. అండాలన్నీ పుట్టుకకి ముందు తయారైనవే, నలభయ్యేళ్ల స్త్రీ అండం వయసు నలభై పైనే. విభజన చెందేటప్పుడు క్రోమోజోములను సరిగ్గా పంచుకోలేకపోతుంది. నలభై దాటాక పిండాల్లో సగానికి పైగా క్రోమోజోముల లెక్క తప్పినవే. తక్కువ మందు ఈ తప్పుని సరిదిద్దదు, ఎక్కువ మందూ సరిదిద్దదు.

చిక్కు గర్భసంచిది కాదు, అండానిదే అనడానికి మన జిల్లాల్లోనే పెద్ద సాక్ష్యం ఉంది. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన ఆమె కవల ఆడపిల్లలకు జన్మనిచ్చింది. టీవీలన్నీ అద్భుతమన్నాయి. అండాలు ఆమెవి కావు, దాత ఇచ్చినవి. గర్భసంచి ఆ వయసులోనూ మోయగలిగింది, అండం మాత్రం కుర్రదే కావలసొచ్చింది. (ఆ వయసులో చేయవచ్చా అన్నది వేరే చర్చ. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం స్త్రీకి 50 ఏళ్లని హద్దు పెట్టింది.)

సరే, వయసు వారీగా మైల్డ్ ఎక్కడ నిలుస్తుంది?

ముందు చిన్న వయసు. 2007లో ‘లాన్సెట్’ పత్రికలో డచ్ పరిశోధకులు 404 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి, అందరూ 38 లోపు వాళ్లే. సగం మందికి మైల్డ్ పద్ధతి, ఒకే పిండం. సగం మందికి పాత పద్ధతి, రెండు పిండాలు. సైకిల్ మీద సైకిల్ కాకుండా ఏడాది మొత్తం లెక్కేశారు. నెలలు నిండి బిడ్డ పుట్టే శాతం మైల్డ్‌లో 43.4, పాత పద్ధతిలో 44.7. దాదాపు సమానం. కవలలు, ముగ్గురు పిల్లల గర్భాలు మాత్రం 0.5 శాతానికి పడిపోయాయి, అవతల 13.1. ఖర్చూ తగ్గింది. అయితే మైల్డ్ వాళ్లు ఆ ఏడాదిలో ఎక్కువ సైకిళ్లు చేయించుకున్నారు. అందుకే కాబోలు ఏడాది చివర్లో అడిగితే ఆందోళన, ఒంటి నొప్పులు, నిద్ర విషయంలో రెండు గుంపులకీ పెద్ద తేడా లేదు. మైల్డ్ అంటే సుఖంగా అయిపోతుందని అమ్మేవాళ్లు ఈ చివరి వాక్యం చెప్పరు.

దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. 2016లో న్యూయార్క్‌లో మినీ ఐవీఎఫ్‌కి పేరున్న డాక్టర్ జాన్ జాంగ్ బృందమే 564 మంది స్త్రీల మీద పరీక్ష చేసింది, అందరూ 39 లోపు. ఆరు నెలల్లో బిడ్డ దాకా వెళ్లినవాళ్లు మినీలో 49 శాతం, మామూలు పద్ధతిలో 63 శాతం. ఇంజెక్షన్ మందు నాలుగో వంతు కన్నా తక్కువే పట్టింది. బహుళ గర్భాలు 6.4 శాతం, అవతల 32. అండాశయాలు ఉబ్బి పొట్టలో నీరు చేరే ఓహెచ్‌ఎస్‌ఎస్ మినీలో ఒక్కరికీ రాలేదు, మామూలు పద్ధతిలో 16 మందికి వచ్చింది. తమ పద్ధతి వెనకబడిన లెక్కని తామే అచ్చేయించడం వైద్యంలో రోజూ జరిగేది కాదు.

ఓహెచ్‌ఎస్‌ఎస్ మాట వచ్చింది కనుక ఒక సంగతి. పీసీఓడీ ఉన్న చిన్న వయసు అమ్మాయిలకి అసలు ప్రమాదం ఇదే, వాళ్లకి ఎక్కువ మోతాదు ఇవ్వడం మంచిది కాదు. అయితే ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీ హార్మోన్ బదులు జీఎన్‌ఆర్‌హెచ్ అగోనిస్ట్ అనే మందు ఇచ్చి, పిండాలన్నీ గడ్డకట్టించి, ట్రాన్స్‌ఫర్ తర్వాతి నెలకి వాయిదా వేస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. ఇరవయ్యేళ్ల కిందట మైల్డ్‌కి ఉన్న బలమైన వాదన ఇప్పుడు అంత బలంగా లేదు.

ఇంకో వాదన అండం నాణ్యత గురించి. తక్కువ మందుతో వచ్చిన అండం ‘ఆరోగ్యమైనది’ అని చాలామంది డాక్టర్లే అంటారు. రాటర్‌డామ్‌లో 2007 నాటి పరీక్ష దీన్ని పాక్షికంగా సమర్థించింది. మైల్డ్ పద్ధతిలో క్రోమోజోములు సరిగ్గా ఉన్న పిండాల నిష్పత్తి ఎక్కువ. కానీ చివరికి చేతికొచ్చిన మంచి పిండాలు రెండు గుంపుల్లోనూ సగటున 1.8 చొప్పున సమానం. అంటే ఎక్కువ మందు చెడ్డ పిండాలను అదనంగా తెచ్చింది, మంచివాటిని పోగొట్టలేదు. తర్వాత స్పెయిన్‌లో అండదాతల మీద చేసిన అధ్యయనంలో మోతాదు మితంగా ఉంటే ఆ నిష్పత్తిలోనూ తేడా కనిపించలేదు.

35 నుంచి 40 మధ్య వయసే నా ఉద్దేశంలో అసలు చిక్కు. బ్రిటన్‌లో 1991 నుంచి 2008 దాకా జరిగిన నాలుగు లక్షల సైకిళ్లను పరిశీలిస్తే, అండాల సంఖ్య పదిహేను వరకు పెరిగేకొద్దీ తాజా ట్రాన్స్‌ఫర్‌లో బిడ్డ పుట్టే అవకాశం పెరిగింది. ఆ తర్వాత నిలకడ, ఇరవై దాటితే తగ్గుదల. పదిహేను అండాలు వచ్చినా సరే 35 లోపు అంచనా 40 శాతం, 35–37కి 36, 38–39కి 27, నలభై పైన 16. అంటే 37 ఏళ్లుండి, అండాల నిల్వని చెప్పే ఏఎంహెచ్ బాగుండి, రెండో బిడ్డ కూడా కావాలనుకునే స్త్రీకి ఒకే సైకిల్‌లో పది పన్నెండు అండాలు తీయించి, మిగిలిన పిండాలు దాచుకోవడమే లాభం. ఆ పిండాల వయసు 37 దగ్గరే ఆగుతుంది. ఆమెకి మైల్డ్ చెప్పి, మూడు నాలుగు సైకిళ్లలో ఏడాది గడిపేస్తే పోయేది డబ్బు కన్నా కాలం.

నలభై దాటాక లెక్క మళ్లీ తిరగబడుతుంది. అండాశయంలో మిగిలినవే నాలుగైదు ఫాలికల్స్ అయితే 450 యూనిట్లు పోసినా పదిహేను రావు, లేనివాటిని మందు పుట్టించలేదు. అండాల నిల్వ తక్కువని తేలిన 511 మంది మీద నెదర్లాండ్స్‌లో చేసిన ఆప్టిమిస్ట్ పరీక్ష 2017లో ఇదే చూపించింది. నిల్వను బట్టి మోతాదు పెంచినవాళ్లలో ఏడాదిన్నరలో బిడ్డ పుట్టింది 42.4 శాతం మందికి, అందరిలాగే 150 యూనిట్లు ఇచ్చినవాళ్లలో 44.8 శాతానికి. అదే ఏడాది వచ్చిన మరో పరీక్షలో 394 మంది, చాలావరకు వయసు పైబడినవాళ్లు, నిల్వ తగ్గినవాళ్లు. 150 యూనిట్ల మైల్డ్, 450 యూనిట్ల పాత పద్ధతి, రెండిట్లోనూ గర్భం నిలిచింది దాదాపు 13 శాతం. ఇంజెక్షన్ల బిల్లు మూడింతలు, ఫలితం అంతే. అమెరికా సంతాన వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో ఇలాంటివారికి తక్కువ మోతాదే సూచించింది. మన దగ్గర ఇప్పటికీ “వయసెక్కువ కదా, డోసు పెంచుదాం” అనే మాట చెల్లుతోంది. మందు అమ్మేవాళ్లకి ఆ మాటతో నష్టం లేదు.

ఈ వయసు వాళ్ల చికిత్సలో జపాన్‌కి చాలా అనుభవం ఉంది. టోక్యోలోని షింజుకులో ఒసాము కాటో పెట్టిన క్లినిక్‌లో మాత్రలతోనో, ఏ మందూ లేకుండానో ఏటా వేల సైకిళ్లు జరుగుతాయి. సన్నటి సూది, ఒక్కసారికి ఒకే పిండం. క్లోమిఫీన్ గర్భసంచి లోపలి పొరను పలచన చేస్తుంది, అందుకని పిండాన్ని గడ్డకట్టించి పొర బాగున్న నెలలో పెడతారు. కణాల్లో మంచు స్ఫటికాలు ఏర్పడకుండా క్షణాల్లో గడ్డకట్టించే విట్రిఫికేషన్‌ని ఈ స్థాయికి తెచ్చిన మసాషిగే కువయామా పనిచేసిందీ అక్కడే. కలకత్తాలో ముఖోపాధ్యాయ చేసిన రెండు పనుల్లో ఒకటి వదిలేసి రెండోది ఉంచుకున్నారన్నమాట. ఆ క్లినిక్ 2012లో తన ఫలితాలను వయసు వారీగా అచ్చేసింది. నలభై దాటినవాళ్లకీ అండం దొరకడం పెద్దగా తగ్గలేదు, ఆ అండం బిడ్డ కావడమే మెట్లు మెట్లుగా తగ్గింది. 2022 ఏప్రిల్ నుంచి జపాన్ ఆరోగ్య బీమా ఐవీఎఫ్‌కి డబ్బిస్తోంది. చికిత్స మొదలుపెట్టేనాటికి నలభై లోపుంటే ఆరు ట్రాన్స్‌ఫర్‌లు, 40–42 అయితే మూడు, 43 నిండితే లేదు. ప్రభుత్వం గీత ఎక్కడ గీసిందో చూస్తే అక్కడి డాక్టర్ల అనుభవం అర్థమవుతుంది.

మనవాళ్ల విషయంలో ఈ విదేశీ అంకెలన్నిటినీ కాస్త జరిపి చదువుకోవాలి. భారతీయ స్త్రీలను స్పెయిన్ స్త్రీలతో పోల్చిన 2014 అధ్యయనంలో మనవాళ్ల అండాశయాల వయసు దాదాపు ఆరేళ్లు ముందున్నట్టు తేలింది. బ్రిటన్ పట్టికలో 35–37 గడిలో ఉండాల్సిన స్త్రీ నిల్వ లెక్కన అవతలి గడిలో ఉండొచ్చు. వయసు క్రోమోజోముల మాట చెబుతుంది, ఏఎంహెచ్, స్కానింగ్‌లో ఫాలికల్స్ లెక్క నిల్వ మాట చెబుతాయి. 32 ఏళ్లకే నిల్వ తగ్గిన అమ్మాయికి వచ్చేవి రెండు మూడు అండాలే అయినా అవి 32 ఏళ్ల అండాలే, అవకాశం 42 ఏళ్ల స్త్రీతో సమానం కాదు. ఈ తేడా చెప్పకుండా “నీ ఏఎంహెచ్ 0.8, దాత అండమే దిక్కు” అని మొదటి విజిట్‌లోనే తేల్చేస్తే రెండో చోట అడగడం తప్పు కాదు. ఇలాంటి అమ్మాయికే మైల్డ్ బాగా పనికొస్తుంది. రెండు మూడు సైకిళ్ల పిండాలను కూడబెట్టి ఒక్కొక్కటిగా పెట్టుకోవచ్చు.

ఖర్చు దగ్గర మాత్రం జాగ్రత్త. మైల్డ్ సైకిల్‌లో తగ్గేది మందుల బిల్లు. ఎగ్ పికప్, మత్తు, ల్యాబ్, ఫ్రీజింగ్ చార్జీలు ప్రతిసారీ పడుతూనే ఉంటాయి. ఒక సైకిల్ ధర కాకుండా, మూడు సైకిళ్లు, వాటి పిండాలు దాచే ఏడాది అద్దె, ట్రాన్స్‌ఫర్‌లు కలిపి ఎంతవుతుందో మొదటి రోజే కాగితం మీద రాయించుకోవాలి. ఎన్ని సైకిళ్ల తర్వాత ఆగుదాం అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. 43 ఏళ్ల వయసులో మూడు సైకిళ్లలోనూ అయిదో రోజు పిండం రాకపోతే నాలుగోదానికి ఏ మోతాదు మార్చినా పెద్ద తేడా ఉండదు. దాత అండం గురించి డాక్టర్ అప్పుడు ఎత్తితే అది వ్యాపారం కాదు.